బోల్టు పడ్డది ఎవరిది?

ఫ్యాను ఆగింది.

కరెంటు పోయిన సంగతి ముందు పక్కసందులోని సాంచాలు చెప్పాయి. అప్పటిదాకా నాలుగువైపులా గర్జిస్తున్న మరమగ్గాలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో ఏడో నంబరు గదిలో తిరుగుతున్న ఫ్యాను వేగం తగ్గి, గుండ్రంగా ఉన్న గాలి మూడు రెక్కలుగా విడిపోయింది.

గడప అవతల నిలబడ్డ మంగ తలెత్తి చూసింది. ఆమె భుజం మీద ఐదు నెలల పాప నిద్రపోతోంది.

మొదటి రెక్క మీద ఎర్రరంగుతో తెలుగు అక్షరాలు. చి.ల.సౌ. మంగ.

రెండో రెక్క మీద చి. వినోద్.

మూడో రెక్క చదవడానికి మంగకు కళ్లు అక్కర్లేదు. పెళ్లి కానుకగా ఆ ఫ్యాను కొన్న అన్న పేరు అది. గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు గానీ ఫ్యాను మీద రాయిస్తారా అని పెళ్లిలో అందరూ నవ్వారు. "సూరత్‌ల ఏది ఎవరిదో తెల్వది, ఉండనీ" అంటూ ఆ అన్నే పెయింటర్ పక్కన నిలబడి రాయించాడు.

"నర్సక్కా, గీ ఫ్యాన్ మీదా?"

మంగ గొంతు పెరగలేదు. అదే నర్సవ్వను భయపెట్టింది.

"మాదెక్కడిది చెల్లె? మాది కాయిల్ కాలిపాయె. రాజలింగం మామ తెచ్చి బిగించిండు. నా ఇంట్ల స్పేర్ ఉన్నది, వాడుకో అన్నడు."

"రెక్క మీద ఏం రాసున్నదో చూసినవా?"

"నాకు చదువెక్కడిది? ఎర్రగ పువ్వులేసిండ్రు అనుకున్న."

"పువ్వులు గావక్కా. నా పేరు."

నర్సవ్వ మంచం పట్టెను పట్టుకుంది. మంచం మీద ఆమె మొగుడు పరమేశ్ బోర్లా పడుకుని ఉన్నాడు. ఆరో రోజు జ్వరం. వేలికి ఆక్సీమీటరు. అంకె తొంభై రెండు. పొద్దున వచ్చిన నర్సు గడప బయటే నిలబడి మూడు మాటలు చెప్పి వెళ్లింది. బోర్లా పడుకోబెట్టండి. గదిలో గాలి ఆడనివ్వండి. అంకె తొంభై కిందికి దిగితే ఫోను చేయండి.

గాలి ఆడటానికి ఆ గదిలో కిటికీ లేదు. పైన రేకు, ముందొక తలుపు. ఉన్నదల్లా ఆ ఫ్యానే.

మంగ వరంగల్‌లో రైలెక్కి ఆ ఉదయమే దిగింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఎనిమిది నెలలైంది. నెల కిందట మొగుడు వినోద్ కూడా గదికి తాళం వేసి అక్కడికే వెళ్లాడు. తొమ్మిదో నంబరు గది తాళం తీయగానే ఆమెకు కనిపించింది ఇనుప దూలానికి ఖాళీ కొక్కెం, దాని కింద వేలాడుతున్న రెండు వైర్లు. దొంగలు పడ్డారేమోనని బిందె చూసుకుంది, బియ్యం డబ్బా చూసుకుంది. అన్నీ ఉన్నాయి. ఫ్యాను ఒక్కటే లేదు. దొంగకు ఫ్యాను ఒక్కటే ఎందుకు కావాలి? ఆ ప్రశ్నతో ఒక్కో గదీ చూసుకుంటూ ఏడో గడప దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"వినోద్!" అని మంగ వెనక్కి తిరగకుండానే పిలిచింది. "మామను పిలువు. మెట్లు దిగి రమ్మను."

*

రాజలింగం మెట్లు దిగాడు.

ముప్పై అయిదేళ్ల కిందట సిరిసిల్ల నుంచి ఒక సంచీతో సూరత్ వచ్చి, ఇరవై ఏళ్లు సాంచాల ముందు నిలబడి, లింబాయత్‌లో ఈ పన్నెండు గదులు కట్టిన మనిషి. ముందువైపు మేడ మీద తను, భార్య లలితమ్మ. వెనక వరుసలో కిరాయిదార్లు. అందరూ కరీంనగర్, జగిత్యాల వైపు వాళ్లే. అందరికీ ఆయన మామే. కోపం వచ్చినప్పుడు మాత్రం సేఠు.

వాకిట్లో మంగ నిలబడి ఉంది. ఎదురుగా ఏడో గడపలో నర్సవ్వ. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు కూడా ఉక్కకు లేచి తలుపుల్లోకి వచ్చారు. మాస్కుల పైన అన్నీ కళ్లే.

"ఏం మంగా, ఎప్పుడచ్చినవ్? బిడ్డ మంచిగున్నదా?"

"బిడ్డ ఉడుకుతున్నది మామా. మా ఖోలీల ఫ్యాన్ లేదు."

రాజలింగం ఏడో నంబరు లోపలికి చూశాడు. రెక్కలు నిశ్చలంగా ఉన్నాయి. పేర్లు స్పష్టంగా ఉన్నాయి. అబద్ధం ఆడటానికి అవకాశం లేదు. అది ఆయనకే ఒకందుకు నయమనిపించింది.

"నేనే తీసిన. నా తాన తాళం ఉన్నది గద. తాళం పడ్డ ఖోలీల ఫ్యాన్ ఉత్తగ ఏలాడుతున్నది, ఈడ మనిషి జ్వరంల ఉడుకుతుండు. ఫ్యాన్ల దుకాణాలు బంద్, కాయిల్ చుట్టేటోడు బంద్. మరేం జెయ్యాలె? తీసి పెట్టిన. తప్పా?"

"పెట్టుడు తప్పు గాదు. అడగకపోవుడు తప్పు. ఫోన్ లేదా నీకు?"

"ఎండలు పోయినంక అస్తవనుకున్న."

"నా పేరు కనవడలేదా?"

"కనవడ్డది."

మే నెలలో ఫ్యాను ఎవరు ఆపుతారు? ఆగని ఫ్యాను మీది పేరు ఎవరు చదువుతారు? రాజలింగం వేసుకున్న లెక్క అంతే. పక్కసందులో ట్రాన్స్‌ఫార్మర్ ఆ లెక్కను తప్పించింది.

"సరే, నాకు చెప్పలే. నర్సక్కకు స్పేర్ అని ఎందుకు చెప్పినవ్?"

ఇచ్చేవాడిగా కనిపించాలన్న చిన్న ఆశే రాజలింగంతో ఆ మాట అనిపించింది.

ఎక్కడో కుక్కర్ ఈల వేసింది.

అప్పుడు సాంచాలు మళ్లీ గర్జించాయి. ఏడో గదిలో ఫ్యాను కదిలింది. మంగ, వినోద్, అన్న పేరు మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గాలి అయ్యాయి. పరమేశ్ తడి చొక్కా వీపు మీద అలలా లేచింది. అందరి కళ్లూ ఆ చొక్కా మీదికే పోయాయి. మంగ కళ్లు కూడా.

ఫ్యాను తీయమని అడగడానికి ఆమె నోరు తెరిచింది. అడగలేకపోయింది. పాప కదిలి ఏడుపు మొదలుపెట్టింది. అడగకుండా ఉండలేకపోయింది.

"అక్కా, నా బిడ్డకు..."

"అనకు చెల్లె" అంది నర్సవ్వ. "నువ్వు అడిగేది న్యాయమే. నువ్వు అడగాల్సింది నన్ను గాదు, నేను ఇయ్యాల్సింది నీకు గాదు. మధ్యల ఒక మనిషి ఉన్నడు."

ఆమె రాజలింగం వైపు తిరిగింది.

"మామా, మంగ ఫ్యాన్ మంగకిచ్చెయ్. మాకు నువ్వు ఒకటి పెట్టు."

"నేనా?"

"నువ్వే. ఖోలీ నీది."

*

నర్సవ్వ బక్కపలచని మనిషి. కార్ఖానాలో రోజంతా కండెలు చుట్టే మిషన్ ముందు నిలబడుతుంది. నూరు దారాల్లో ఏది తెగిందో చప్పుడును బట్టి చెబుతుంది. సంతకం చేయమంటే వేలు చూపిస్తుంది. కానీ మాటలో తెగిన చోటు ఎక్కడుందో ఆమెకు తెలిసినంతగా ఆ వాకిట్లో ఇంకెవరికీ తెలియదు.

"నేనిచ్చింది ఖాళీ ఖోలీ" అన్నాడు రాజలింగం. "నాలుగు గోడలు, పైన రేకు, ఒక కొక్కెం. వచ్చినప్పుడే చెప్పిన. సూరత్‌ల ఎవ్వడన్న ఫ్యాన్ ఇస్తడా? నన్నొక్కన్నే అడుగుతవేంది?"

"కొక్కెం ఎందుకు పెట్టినవ్ మామా? మేకను కట్టేసుకోనీకా?"

ఎనిమిదో గది గడపలో బిక్షపతి ఫక్కున నవ్వాడు. యాభై దాటిన మనిషి, రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు, నిద్ర చెడినందుకు ఇప్పుడు విచారం లేదు.

"కొక్కెం నీ సౌకర్యానికి" అన్నాడు రాజలింగం.

"ఒప్పుకున్న. ఒక్కటడుగుత, చెప్పు. నువ్వు ఇరవై ఏండ్లు సాంచా నడిపినవ్. కార్ఖానల సాంచా ఎవరిది?"

"సేఠుది."

"మోటరు?"

"సేఠుది."

"పైన ట్యూబులైటు?"

"అదీ సేఠుదే."

"నీ జేబుల కత్తెర?"

"కారీగర్‌ది. నాది."

"ఎందుకట్ల?"

రాజలింగం ఆలోచించకుండానే జవాబిచ్చాడు. ఇరవై ఏళ్లు విన్న మాట ఆలోచన కోసం ఆగదు.

"బోల్టు పడ్డదంత సేఠుది. చేతుల పట్టేది కారీగర్‌ది."

అన్న తర్వాత గానీ తనే అన్నాడని ఆయనకు తెలియలేదు.

"మరి ఖోలీకి వేరే లెక్కనా?" అంది నర్సవ్వ నెమ్మదిగా.

వాకిట్లో కదలిక వచ్చింది. బిక్షపతి గడప దిగి రెండడుగులు ముందుకొచ్చాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. గిది మంచిగున్నది. నీళ్ల మోటరు?"

"బోల్టు పడ్డది. మామదే. ఇప్పటికే మామనే పెట్టిండు గద."

"ఫ్రిజ్జు?"

"నేల మీద కూసుంటది. నీకు గావాల్నంటె నువ్వు తెచ్చుకో."

"మిక్సీ?"

"సంకల పెట్టుకొని పోతవ్. నీదే."

"ఏసీ? అది గూడ బోల్టే గదనే నర్సవ్వా! మామా, నాకు ఏసీ బిగియ్యి. రాత్రి డ్యూటీ, పగటీలి నిద్ర పడ్తలేదు."

ఈసారి నవ్వు నాలుగు గడపల నుంచి వచ్చింది. రాజలింగం ఎర్రబడ్డాడు.

"చూసినవా? గందుకే నేను ఏదీ ఇయ్య. ఫ్యాన్ ఇస్తె ఏసీ అంటరు. ఏసీ ఇస్తె టీవీ అంటరు. అది గూడ గోడకు బోల్టు పెట్టి బిగిస్తరు."

నర్సవ్వ నవ్వలేదు. ఒక్క క్షణం మంచం వైపు చూసింది.

"టీవీ లేకుంటె ఎవ్వలు సావరు మామా. ఏసీ లేకున్నా బతుకుతం. నీళ్లు కుళాయిల్నే ఉడుకుతున్నయ్, గీజర్ ఎవ్వలకు గావాలె? రెండు మాటలు చాలు. బోల్టు పడాలె. అది లేకుంట ఆ రూముల మనిషి ఉండలేకపోవాలె. రెండూ ఉంటె అది నీది. ఒక ఫ్యాన్. ఒక లైటు. పొయ్యి కాడ పొగ గుంజే చిన్న ఫ్యాన్, కిటికీ పెట్టలేదు గనుక. గంతే. పరుపులు, పెట్టెలు, పొయ్యి, బిందెలు మావి. మేం తెచ్చుకున్నం, మేమే మోసుకపోతం."

బడి మొహం చూడని ఆ మనిషి ఒక చట్టం రాసేసింది. అందులో ఎక్కువ లేదు, తక్కువ లేదు. బిక్షపతి నవ్వు ఆపి టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన దృష్టిలో అది గౌరవం.

కానీ రాజలింగం కూడా దారాలు చూసిన మనిషే. తెగిన చోటు ఆయనకూ దొరికింది.

"మంచిది" అన్నాడు. ఆయన గొంతులో కోపం పోయింది. అది ప్రమాదానికి గుర్తు. "బోల్టు పడ్డది నాదే అంటివి. పదిమంది విన్నరు. మరి తొమ్మిదో నంబర్ల మంగ బిగించిన ఫ్యాన్ ఎవరిది? బోల్టు పడ్డది. అది లేకుంట రూముల మనిషి ఉండడు. రెండూ ఉన్నయ్. నీ లెక్క ప్రకారం అది నాది. నా ఫ్యాన్ నేను తొమ్మిదిల తీసి ఏడుల పెట్టుకున్న. మంగకు గాని నీకు గాని ఏం బాధ?"

బిక్షపతి టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

మంగ నర్సవ్వ వైపు తిరిగింది. "నీ నోటితోనే నా ఫ్యాన్ పోగొట్టినవా అక్కా?"

*

నర్సవ్వ లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

పరమేశ్ కళ్లు తెరిచి ఉన్నాయి. అంతా విన్నాడు. తెరిచి ఉన్న తలుపుకు రహస్యాలు తెలియవు.

"ఏం జేద్దాం?" అంది ఆమె.

పరమేశ్ మాట్లాడాలంటే ప్రతి మాటకూ ముందు ఒక శ్వాస దాచుకోవాలి.

"వాళ్ల బిడ్డ... ఏడుస్తున్నది."

"నీ నంబరు తొంభై రెండు."

"నంబర్... ఫ్యాన్‌ది గాదు. నాది." అతను దగ్గాడు. దగ్గు ఆగాక నవ్వబోయాడు. "ఆరు దినాలకెల్లి... మంగ పెండ్లి గాలి... తింటున్న. కట్నం గూడ చదివియ్యలే. ఇప్పవే."

"నిజంగనా?"

"ఇప్పు. మంచం... తలుపు కాడికి గుంజు."

నర్సవ్వ మంచాన్ని గడప దాకా లాగింది. స్విచ్చు తీసింది. స్టూలు వేసుకుంది. ఇంటి పనులన్నీ మొగుడు చేస్తుంటే చూసిందే తప్ప ఆమె ఎన్నడూ పానా పట్టలేదు. రెండు వైర్లు విప్పింది. బోల్టుకు పానా పెట్టి తిప్పింది. అది కదలలేదు. రెండో చేత్తో ఫ్యాను బరువు మోస్తూ, పళ్లు బిగించి మళ్లీ తిప్పింది.

వాకిట్లో మిగతా పదకొండు గదుల వాళ్లూ చూస్తున్నారు. జ్వరంతో ఉన్న మొగుడి మీది గాలిని తన చేతులతో తీస్తున్న మనిషిని ఎలా చూడాలో ఎవరికీ తెలియలేదు. వినోద్ సాయానికి ఒక అడుగు వేశాడు. మంగ అతని చొక్కా పట్టుకుని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియదు. ఆ పని నర్సవ్వది. దానిలో చేయి పెట్టకూడదనిపించింది.

బోల్టు కదిలింది.

నర్సవ్వ ఫ్యానును సబ్బునీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడిచింది. రెండు చేతులతో ఎత్తుకొచ్చి వాకిలి మధ్యలో పెట్టి, ఆరడుగులు వెనక్కి జరిగింది.

"సేఠ్" అంది.

మామ పోయి సేఠు వచ్చాడు. రాజలింగం విన్నాడు.

"బోల్టు ఇప్పిన. ఇప్పుడు ఇది చేతుల పట్టేది. ఎవరిది?"

ఆయన ఈ మాటలోనూ తెగిన చోటు వెతికాడు. దొరకలేదు.

"తీస్కో చెల్లె" అంది నర్సవ్వ. "నీ పేరు నువ్వు చదువుకో. నాకు రాదు."

రాజలింగం వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. పన్నెండు మెట్లు. ఏ మెట్టు మీదా ఎవరూ ఆయన్ని పిలవలేదు.

*

మేడ మీద హాల్లో ఫ్యాను ఆగి ఉంది.

"కరెంటు మల్ల పోయిందా?" అన్నాడు.

"లేదు" అంది లలితమ్మ. ఆమె నేల మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "నేనే బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఖాళీ ఇల్లు ఎట్లుంటదో చూద్దామని. కూసో."

రాజలింగం కూర్చున్నాడు. గోడ వేడిగా ఉంది. నేల వేడిగా ఉంది. చెమట మెడ దగ్గర మొదలై వీపు మీదికి దారి వెతుక్కుంది.

లలితమ్మ పిక్క తీసి పళ్లెంలో వేస్తోంది. టక్. మళ్లీ టక్.

"పోయిన ఏడు అంత బంద్ ఉన్నప్పుడు పన్నెండు ఖోలీలకు బువ్వ పెట్టిన" అన్నాడాయన ఉన్నట్టుండి. "ఎవ్వలకన్న యాదికున్నదా?"

"నాకున్నది. వండింది నేను."

"మరి?"

"బువ్వ పెట్టినవ్, కాదన్ననా? బువ్వ పెట్టిన చెయ్యే తాళం తీసి ఫ్యాన్ ఎత్కవోయింది. నీదే ఇచ్చినట్టు చెప్పింది. రెండూ ఒక్క చెయ్యే."

టక్.

"పన్నెండు ఫ్యాన్లంటె మాటలా? కాయిల్ కాలుతది. రెగ్యులేటర్ పోతది. పొద్దుమాపు నడిపిస్తరు..."

"మనుషులు పొద్దుమాపు ఊపిరి తీస్తరు, ఏం జేస్తం."

ఆయన పంచె అంచుతో ముఖం తుడుచుకున్నాడు. కింద ఎవరో ఏదో అంటున్నారు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. కాసేపటికి ఇంకోటి. ఏం చేస్తున్నారో ఆయనకు అర్థం కాలేదు.

లేచి స్విచ్చు దాకా వెళ్లాడు. చేయి పెట్టాడు. భార్య తలెత్తి చూడలేదు. చూడకపోవడం చూడటం కన్నా కష్టంగా ఉంది.

చేయి తీసేశాడు.

"పానా ఏడున్నది?" అన్నాడు.

"నీ వెనకాల. నువ్వు మెట్లెక్కంగనే పెట్టిన."

*

అరవై రెండేళ్ల మనిషి, భుజం మీద సొంత హాలు ఫ్యాను, ముక్కు మీద రెండు మాస్కులు. సగం మెట్ల దగ్గర ఆగిపోయాడు.

వాకిట్లో అందరూ బయటే ఉన్నారు. ఎడం ఎడంగా, తమ తమ గడపల ముందు, వరుసగా. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఫ్యాను.

తెల్లవి, గోధుమరంగువి, ఒక రెక్క మారినవి, తుప్పు పట్టినవి. బిక్షపతి తన ఫ్యానును గొర్రెపిల్లలా చంకలో పెట్టుకున్నాడు. మంగ ఫ్యాను తొమ్మిదో గడప ముందు నేల మీద, ఆమె పాదాలను ఆనుకుని ఉంది. వినోద్ చేతుల్లోని పాపకు తడిగుడ్డతో విసురుతున్నాడు.

"ఏందిది?" అన్నాడు రాజలింగం.

"బోల్టు పడ్డది నీదంటివి గద మామా" అన్నాడు బిక్షపతి. "నీకెందుకు బాధని ఇప్పుకున్నం. నాది మా అల్లుడు కొనిచ్చిండు. నీకు పోతె వాడు నన్ను ఊరికి రానిస్తడా?"

"మంగా, నువ్వెందుకు పెట్టుకోలే? నర్సవ్వ ఇచ్చింది గద?"

"పెట్టబోయిండు వినోద్. నేనే వద్దన్న" అంది మంగ. "బిగిస్తె నీదైతది. రేపు ఇంకో ఖోలీకి పోతది."

ఆ మాట ఆమె ఒక్కతే మొదట అంది. మిగతా పదిమందీ విని ఎవరి స్టూలు వాళ్లు తెచ్చుకున్నారు. పగలు నిద్ర మానుకుని, నడిఎండలో, రేకుల కింద నుంచి తమ గాలిని తామే దించుకున్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. నాయకుడు లేడు, నినాదం లేదు.

రాజలింగం భుజం మీది ఫ్యాను చూసి జనం పక్కకు జరిగారు. దారి నేరుగా ఏడో నంబరుకు పడింది. ఏ గదికి ముందు అని ఆయన అడగలేదు. వాళ్లూ చెప్పలేదు.

గడపలో అడ్డంగా ఉన్న మంచాన్ని నర్సవ్వ కొంచెం జరిపింది. ఆరు రోజుల్లో రాజలింగం ఆ గడప దాటడం ఇది రెండోసారి, ఈసారి తెచ్చింది తన ఫ్యానునే. స్టూలెక్కాడు. ఇరవై ఏళ్లు సాంచాలు బిగించిన చేయి పని మరచిపోలేదు. నాలుగు నిమిషాల్లో బోల్టు పడింది.

స్విచ్చు వేశాడు. మేడ మీది గాలి కిందికి దిగింది.

పరమేశ్ కళ్లు మూసుకున్నాడు. ఆక్సీమీటరు మీద అంకె కాసేపు ఊగింది. తొంభై రెండు. తొంభై మూడు. అక్కడ నిలబడింది. నర్సవ్వ దాన్ని నమ్మనూ లేదు, తోసివేయనూ లేదు. చూస్తూ కూర్చుంది.

"బోల్టు పడ్డది" అన్నాడు రాజలింగం, స్టూలు దిగుతూ. "ఇది నాది. మీరు పోయిన్నాడు గూడ ఇది ఈడనే ఉంటది. తర్వాత వచ్చేటోళ్లకు."

"గట్లనే ఉండనీ మామా" అంది నర్సవ్వ.

సేఠు పోయి మామ వచ్చాడు. రాజలింగం అదీ విన్నాడు. ఆ పూటకు అది చాలనుకుని బయటికి నడిచాడు.

చాలలేదు. పదకొండు మందీ కదలకుండా అక్కడే ఉన్నారు.

"ఇంకేంది?" అన్నాడు. "నా తాన ఉన్నది గా ఒక్కటే. దుకాణాలు బంద్. పదకొండు ఫ్యాన్లు ఏడికెల్లి తేవాలె? తెరవంగనే తెస్త. లలితమ్మ సాక్షి. అప్పటిదాంక మీయి మీరు పెట్టుకోండ్రి."

"పెట్టుకోం మామా" అంది మంగ.

"మరి?"

"నీకిస్తం."

"నాకా? నాకెందుకు?"

"ఖోలీల ఫ్యాన్ పెట్టుడు నీ పని అని నువ్వే ఇప్పుడు బోల్టేసి చూపిచ్చినవ్ గద. నీ తాన ఫ్యాన్లు లేవు, మా తాన ఉన్నయ్. దుకాణాలు తెరిచేదాంక మా ఫ్యాన్లు నీకు కిరాయికిస్తం. నువ్వు కొత్తయి తెచ్చిన్నాడు మాయి మాకు ఇప్పియ్యాలె. రంగు పోవద్దు. రెక్క వంగద్దు. పేర్లు తుడవద్దు. మమ్ముల అడగకుంట ఇంకొకలకు ఇయ్యద్దు."

గోడకు మేకు కొట్టవద్దు, సున్నం రాలవద్దు, చుట్టాలను ఉంచవద్దు, అడగకుండా ఇంకొకరికి ఇవ్వవద్దు. గది తాళం చేతిలో పెడుతూ రాజలింగం చెప్పే మాటలు అందరికీ కంఠతా వచ్చు. మంగ వాటిని ఒక్క దారం తేడా లేకుండా తిరగనేసింది. పసిబిడ్డ చెమటతో తడిసిపోతుంటే గొంతు వణకకుండా అంత మాట అనగలిగిన ఆ పిల్లకు ఇరవై మూడేళ్లు.

రాజలింగం మేడ వైపు చూశాడు. రెయిలింగు దగ్గర లలితమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. ఆమె ముఖంలో సాయం లేదు.

పదిహేనేళ్లుగా ఆ వాకిట్లో ఒక ప్రశ్న వినిపిస్తూ ఉంది. అడిగేవాళ్లు చేతిలో సంచీతో కింద నిలబడేవారు. జవాబు మెట్ల మీది నుంచి వచ్చేది. ఆ ప్రశ్న కింద నిలబడి అడగడం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడో మరచిపోయాడు.

"కిరాయి..." అన్నాడు రాజలింగం. ఆగి, మాస్కు సర్దుకున్నాడు. "కిరాయి ఎంత?"

మంగ ఏడో నంబరు వైపు తిరిగింది. ఆమెతోపాటు అందరూ తిరిగారు.

నర్సవ్వ మొగుడి వేలి మీది అంకెను ఇంకోసారి చూసింది. లేచి, కొంగు నడుముకు చుట్టి, లెక్క చెప్పడానికి గడప దాటింది.